వాలు

ఫిబ్రవరిలో వచ్చారు కొలిచేవాళ్ళు.
తెల్ల కారు, మూడు కాళ్ళ యంత్రం,
మెడలో తాళ్ళకి వేలాడే తమ ఫోటోలు.
మిర్చి యార్డులో లారీల నిండా టిక్కీలు దిగే రోజులు.
గాలి ఇటు తిరిగిందో లేదో
కార్నర్ జెండా దగ్గర పెద్దాయన తుమ్మడం మొదలెట్టాడు.
పదకొండు తుమ్ములు, నాగూర్‌బీ లెక్కపెట్టింది.
ఒక టీము దిగింది, అంది.

ఆటలు జరిగే ఊళ్ళ జాబితా ఒకటి తయారవుతోందట,
ఎన్నో దేశాల పిల్లలు వస్తారట,
అందులో మా గ్రౌండూ ఉండొచ్చట.
ఆ 'అట'లు పట్టుకుని గుంటూరు నెలన్నర బతికింది.
అరండల్‌పేట టీకొట్టులో, బ్రెజిల్ వాళ్ళకి
గోంగూర పెట్టాలా వద్దా అని తగువు.
లాడ్జీలవాళ్ళు గోడలకి రంగులేశారు.
కార్పొరేషన్ మాత్రం గేటుకి తాళం వేసింది,
గడ్డి పెరగాలని.
పిల్లలు గేటవతల రోడ్డు మీదే ఆడుకున్నారు.
రెండు ఇటుకలు, రెండు చెప్పులు,
ఆటో వస్తే హాఫ్ టైమ్.

లోపల నాగూర్‌బీ ఎవరూ తొక్కని గీతలు గీసింది.
మస్తాన్ పోయాక ఆ సున్నపు బండి ఆమెదే.
తాడు కట్టదు. ఒక కన్ను మూసుకుని నడుస్తుంది,
గీత చీరంచులా వస్తుంది.

ఉగాది వెళ్ళిన వారానికి జాబితా వచ్చింది.
ఆరు ఊళ్ళు.
పైనుంచి కిందికి చదివాను, కిందనుంచి పైకి చదివాను.
మేం లేం.
గ్రౌండు కమిటీలో నా పేరూ ఉంది కాబట్టి
కారణం నాకూ ఒక కాగితంలో వచ్చింది, ఒక్క వరుస:
ఉత్తరం నుంచి దక్షిణానికి నలభై ఒక్క సెంటీమీటర్ల వాలు.

ముందు నవ్వొచ్చింది.
టాస్ గెలిస్తే ఉత్తరం వైపు రెండో సగానికి దాచుకోండిరా
అని మా పెద్దాటగాళ్ళు చెప్పేవాళ్ళు.
ఎందుకో చెప్పేవాళ్ళు కాదు.
వాస్తు అనుకున్నాం.

తర్వాత నవ్వు ఆగింది.
ఎనభై తొమ్మిది. తెనాలితో ఫైనల్.
రెండో సగం, దక్షిణం గోల్లో నేను.
బంతి గట్టిగా కూడా రాలేదు,
విందుకి పెద్దమనిషి వచ్చినట్టు తాపీగా వచ్చింది
నా చేతుల్లోకి, చేతుల్లోంచి, కాళ్ళ మధ్యనుంచి.
అప్పట్నుంచీ నేను బజార్లో ఉల్లిపాయ జారవిడిచినా
ఎవడో ఒకడు "తెనాలీ!" అంటాడు.
చర్చిలో ఉంగరం జారితే
పాస్టరుగారు బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

నలభై ఒక్క సెంటీమీటర్లు!
మూరకి కాస్త తక్కువ, అయినా చాలు.
తప్పు నేలది.
కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని
కేసు కొట్టేసినవాడిలా
మూడు వంతెనల కిందనుంచి నడిచాను.

గేటు తాళం ఇంకా తీయలేదు.
గోడ విరిగినచోట నాగూర్‌బీ లోపలికి రమ్మంది.
చదివి వినిపించాను. రెండుసార్లు.
వక్క నములుతూ విన్నది.

"నేనూ ఉన్నాలే ఆ రోజు, మా ఆయన పక్కన,
సున్నం బకెట్టు పట్టుకుని.
మొదటి సగం ఆ గోల్లో తెనాలి పిల్లోడు నిలబడలా, జకరయ్యా?
వాలు వాడికీ ఉండింది గదా.
నాలుగు పట్టాడు."

నేనేమీ అనలేదు.
గడ్డి మాత్రం పుట్టి బుద్ధెరిగాక చూడనంత పచ్చగా ఉంది.
గేటవతల ఎవడో గట్టిగా తన్నాడు,
బంతి గోడ దూకి లోపల పడింది,
రెండు గెంతులు గెంతి, ఆగినట్టే ఆగి,
తెలిసిన దారేలే అన్నట్టు
దక్షిణానికి దొర్లడం మొదలెట్టింది.

నాగూర్‌బీ కదల్లేదు. నా వైపు చూస్తోంది.
నేను వంగాను,
ఈసారి మోకాళ్ళు దగ్గరగా పెట్టి.